కఱవునాటి విస్తరి



ఈ మాసము పుటకై నేను వేఱొక విషయమును సిద్ధపఱచుకొని యుంటిని. ఇంతలో సంగారెడ్డి జిల్లా నారాయణఖేడు ప్రాంతమునందలి కల్హేరునుండి ఒక సోదరి లేఖ వచ్చినది. నాలుగు పుటల లేఖ. అందు మూడు పుటలు కష్టములు. నాల్గవ పుట ఒక ప్రశ్న. ఆ ప్రశ్న చదివిన పిమ్మట నా పూర్వవిషయమును ప్రక్కన బెట్టితిని. ఆమె పేరు వ్రాయను. ఆమె యనుమతితో సంగతి మాత్రము మీ ముందుంచుచున్నాను. ఏలయన నది మనలో ననేకుల యిండ్లలోని సంగతియే.

ఆమెకిద్దఱు బిడ్డలు. ఉమ్మడి కుటుంబమునుండి వేఱుపడి మూడేండ్లయినది. నాలుగెకరముల మెట్టభూమి, ఒక బోరు వీరి వంతునకు వచ్చినవి. గడచిన రెండేండ్లును వచ్చిన పంట పెట్టుబడికే చాలలేదు. బోరు ఎండినది; అప్పు పెరిగినది. భర్త కూలిపనికై హైదరాబాదు వెళ్లెను. ఒక నెల పైకము పంపును, ఒక నెల పంపలేడు. రేషనుకార్డు ఇంకను అత్తవారి పేరనే యున్నది. అడుగుటకు ఈమెకు మొగము చెల్లలేదు. ఇట్లుండగా శ్రావణము వచ్చినది. పాతగింజలు తీఱిపోయి క్రొత్తగింజలు చేతికి రాని దినములివి. పల్లెటూరి యిల్లాండ్రకు ఈ దినములను గుఱించి నేను చెప్పవలసిన పని లేదు.

ఒక సాయంకాలము దీపము పెట్టు వేళకు ఇంటిలో నున్నది రెండు దోసిళ్ల జొన్నపిండి. ఆ పూటకు పిల్లలకు రొట్టె, మఱునాటి యుదయమునకు అంబలి. అదియే ఆమె లెక్క. అప్పుడు వీధిలో నొక గొంతు వినబడెను. భర్తకు మేనత్త, డెబ్బదేండ్ల వృద్ధురాలు, ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరుని దర్శించుకొని మరలి పోవుచు, చివరి బస్సు తప్పిపోగా మేనల్లుని యింట రాత్రి గడపుదమని వచ్చినది. “కోడలా!” యని పిలిచినది. మన సోదరి దీపమార్పినది. పిల్లల నోళ్లపై చేయి యుంచినది. ముసలామె మూడుమాఱులు పిలిచి, ఊరికి పోయినారు కాబోలునని తనలో తాననుకొని, పొరుగింటికి పోయినది. ఆ యింటివారు ఆమెకు కాళ్లు కడుగ నీళ్లిచ్చి, రొట్టెయు పప్పును పెట్టి, చాప పఱచిరి. గోడకీవల చీకటిలో కూర్చుండి ఈమె అంతయు వినుచుండెను.

తెల్లవాఱినది. పొరుగింటి యిల్లాలు మూత పెట్టిన గిన్నెతో నాలుగు రొట్టెలు, కొంచెము పప్పు తెచ్చి గడపమీద నుంచి, “పిల్లలకు పెట్టమ్మా” యని మాత్రమే యనినది. రాత్రి సంగతి ఒక్క మాటయు అడుగలేదు. సోదరి ఆ రొట్టెలు పిల్లలకు పెట్టినది; తాను ముట్టలేదు. నాటినుండి ఆ గిన్నె ఇంటిలోనే యున్నది. తిరిగి యిచ్చుటకు ఆమెకు కాళ్లాడుట లేదు.

నాల్గవ పుటలోని ప్రశ్న యిది: “దేవుడు మా యింటి దారి మఱచినాడా? లేక ఆనాడు తలుపు కొట్టినది ఆయనయేనా? ఆయనయే యైనచో, తలుపు తీయని నాకు ఇక అన్నము పుట్టునా?”

అమ్మా, మొదట ఒక మాట. అతిథి దేవునితో సమానుడని ఉపనిషత్తు చెప్పిన మాటను నీకు అప్పగించి నేను చేతులు దులుపుకొనను. ఆ మాట నీవెఱుగనిది కాదు. ఎఱుగుటచేతనే గదా నీకు నిద్ర పట్టకున్నది! మనవారు ఇట్టి వేళ డొక్కా సీతమ్మగారి పేరు తలపెట్టుదురు. ఆమె 1841లో మండపేటలో జన్మించి, కోనసీమలోని లంకల గన్నవరమునకు కోడలై వచ్చి, గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళ యనక, కులమనక అన్నము పెట్టి, 1909లో పుణ్యలోకమునకేగిన తల్లి. ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు 2024లో ఆమె పేరే పెట్టిరి. ఆ తల్లికి చేతులెత్తి మ్రొక్కుదము. కాని ఒకటి మఱవరాదు. ఆమె పెనిమిటి జోగన్నగారు కలిగిన రైతు. ఆమె గాదెలో ధాన్యముండెను. ఆమె గొప్పతనము ఆ గాదెకు గడియ పెట్టకుండుట. నీ గాదె వట్టిది. నిండుగాదె కల యిల్లాలి కొలతతో వట్టిగాదె కల యిల్లాలిని కొలుచుట న్యాయము కాదు. కావున నీవు సీతమ్మగారివలె ఏల చేయలేదని నేనడుగను. వట్టిగాదె కల యిల్లాండ్ర యొద్దకు దైవము ఎట్లు వచ్చెనో, ఏమి యడిగెనో, అది మాత్రము చూతము.

అట్టి యిల్లాలు మన పురాణములందే యున్నది. వనవాసమున పాండవులకు సూర్యుడు అక్షయపాత్ర నిచ్చెను. ద్రౌపది భుజించువఱకే అది పెట్టును. ఆమె తిని కడిగినదా, ఆనాటికి దాని పని తీఱినది. ఒకనాడు ఆమె భుజించిన పిమ్మట దుర్వాసుడు శిష్యకోటితో వచ్చెను. స్నానమునకై వారు నదికి పోగా, ఇంటిలో గింజ లేదు. ద్రౌపది ఏమి చేసినది? ధైర్యముగా నిలిచినదని ఎవ్వరును చెప్పలేదు. ఆమె హడలిపోయినది, హడలి కృష్ణుని పిలిచినది. ఆయన వచ్చి ధాన్యపు బండ్లు తోలలేదు. వచ్చీరాగానే, తనకాకలియగుచున్నది, ఏమున్నదో పెట్టుమని యడిగెను! వట్టిపాత్రను ముందు పెట్టి ఆమె కన్నీరు పెట్టుకొనగా, పాత్ర అంచున నంటియున్న ఒక మెతుకును, ఒక కూరయాకును తీసికొని నోట వేసికొనెను. నదిలో మునుల కడుపులు నిండినవి.

ఈ కథను మన మెన్నోమాఱులు విన్నాము. విని, మహిమను మాత్రము జ్ఞాపకముంచుకొన్నాము. నాకు మహిమకంటె ఆ అడుగుట ముఖ్యముగా తోచును. ఇంటిలో లేనినాడు దైవము దాతయై రాలేదు, అతిథియై వచ్చెను. లేనిదానిని అడుగలేదు; అంటియున్నదానిని అడిగెను. తన యొద్ద నేమియు లేదనుకొన్న యిల్లాలికి, కొంచెమున్నదని చూపెను. లేమిలో మనకు మొదట పోవునది ధాన్యము కాదు. మన యొద్ద ఇతరుల కీయదగిన దేమియు లేదను తలంపు వచ్చి, గౌరవము పోవును. ఆయన మొదట నిలిపినది దానిని.

క్రైస్తవ సోదరీమణులు చదువుకొను పూర్వనిబంధనయందును ఇట్టి కథయే కలదు. వానలు లేని కాలమున సారెపతు అను ఊర ఒక విధవరాలు, తొట్టిలో మిగిలిన పట్టెడు పిండితో తనకును కుమారునకును కడపటి రొట్టె చేసికొనుటకై పుల్లలు ఏరుకొనుచుండెను. ప్రవక్తయైన ఏలీయా వచ్చి, ముందు తనకొక చిన్న రొట్టె చేసి తెమ్మనెను. ఆమె చేసినది, ఆ పిండి కఱవు తీఱువఱకు తఱుగలేదు. పట్టెడు పిండి, బిడ్డ, వాకిట అతిథి: అమ్మా, ఇది నీ రాత్రియే గదా! ఈ కథ నీకు కష్టము కలిగించునని యెఱుగుదును. ఆమె పెట్టినది, నేను పెట్టలేదని నీవందువు. కాని ఆ ప్రవక్త ముందు తనకు ఆ చిన్న రొట్టె చేయుమని యడుగుటకు ముందేమి చేసెనో చూడుము. మొదట ఆమెకు అభయమిచ్చెను, పిమ్మట అడిగెను. ద్రౌపదికిని ముందు కృష్ణుడు వచ్చెను, పిమ్మట పాత్ర వెలువడెను. ఆ రాత్రి నీ చెంత అభయమిచ్చువా రెవ్వరును లేరు. నీ తలుపును లోభము మూయలేదు, భయము మూసినది. భయమునకు శిక్ష వ్రాయు దైవమును నేనెఱుగను.

పురాణములు చాలును, నీ చుట్టునున్న నేలనే చూతము. మీ ప్రాంతపు మెట్ట ఎన్ని కఱవులు చూచినది! 1876లోను 1877లోను వచ్చిన కఱవును మన తాతమ్మలు ధాతకఱవని చెప్పుకొనిరి. 1899–1900 నాటి కఱవు నిజాము రాజ్యమును పీడించెను. మంజీర యన్ననో, మరాఠ్వాడాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు మీదుగా, సంగారెడ్డి, మెదకు ప్రాంతములను చుట్టి, మఱల ఉత్తరమునకు తిరిగి మీ చెంతకు వచ్చి, కందకుర్తి యొద్ద గోదావరిని కలియును. ఆ నదిపై 1923లో మొదలిడి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరము మీకు దగ్గఱనే యున్నది. కాని దాని నీరు దిగువనున్న నిజామాబాదు ప్రాంతపు పొలములకు పాఱును. ఎగువ మెట్టలకు ఎక్కదు. నల్లవాగు ప్రాజెక్టు క్రింద కొన్ని పొలములు పండును. తక్కినవారు నీటిని కన్నులతో చూచుచు ఆకాశమును నమ్ముకొని బ్రతుకుదురు. ఇట్టి నేలపై మనుష్యులు నేటివఱకు నిలిచి యున్నారన్న, కఱవునాడు ఎవరో యెవరికో విస్తరి వేసియుండవలెను గదా!

అట్లు వేసినవారిలో నొకని పేరు దామాజీపంతు. 1956వఱకు నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిదే. ఆ బీదరు బహమనీ సుల్తానులకు రాజధానిగా నున్న 15వ శతాబ్దమున, నేటి షోలాపురము జిల్లాలోని మంగళవేఢా యందు దామాజీ అధికారిగా నుండెను. ఘోరమైన కఱవు వచ్చినది. ప్రభుత్వపు కొట్లలో ధాన్యమున్నది. వీధులలో జనులు చచ్చుచున్నారు. అనుమతికై ఎదురు చూడక ఆయన కొట్లు తెఱచెను. సుల్తాను ఆయనను పట్టితెమ్మని బీదరునుండి భటులను పంపెను. ఇంతవఱకు ఒక ఉద్యోగి సాహసము. ఇక భక్తులు చెప్పుకొను కథ వినుము. దామాజీ బీదరు చేరకముందే, కంబళి కప్పుకొని కఱ్ఱ చేతబట్టిన విఠు యను మహరు సేవకుడొకడు దర్బారునకు వచ్చి, ధాన్యపు వెల యంతయు చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయెనట. ఆతడు పండరీపురపు విఠ్ఠలుడే యని పిమ్మట తెలిసినదట. 18వ శతాబ్దమున మహీపతి తన ‘భక్తవిజయము’నందు ఈ వృత్తాంతమును మహారాష్ట్రభాషలో వ్రాసెను.

ఈ కథలో నా మనస్సునకు తగులునవి రెండు. దైవము, దర్బారులో ఎవ్వరును ఆసనమీయని వాని రూపమున వచ్చెను. మఱియు, ఆకలిగొన్నవారు తిన్న అన్నమునకు వెలను తన లెక్కలో వ్రాసికొనెను. తిన్నవారిని అప్పు తీర్పుమని అడుగలేదు. కఱవునాడు తిన్న ముద్ద అప్పు కాదమ్మా. నీ గుమ్మమున పెట్టిన నాలుగు రొట్టెల వెల ఎక్కడనో చెల్లిపోయినది. వానిని చూచి తల వంచుకొననక్కఱలేదు.

రెండవ గుఱుతు మెదకులో నున్నది. అచ్చటి పెద్ద చర్చిని మీలో ననేకులు చూచియుందురు. వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు దానిని 1914లో ఆరంభింపగా, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. సుమారు 175 అడుగుల గోపురము చూచి జనులు ఆశ్చర్యపడుదురు. నాకు ఆశ్చర్యము దాని పునాది. కఱవుతో అలమటించుచున్న పల్లెలవారికి ఊరక గంజి పోయుటకంటె పని చూపి అన్నము పెట్టుట మేలని తలంచి ఆయన ఈ కట్టడమును సాగించెనని అచ్చట నేటికిని చెప్పుకొందురు. రాళ్లు మోసిన యిల్లాండ్రు సాయంకాలము ధాన్యము కొంగున కట్టుకొని ఇంటికి పోవునప్పుడు, అది భిక్షమను తలంపు వారికి కలుగలేదు. పుచ్చుకొనువారి వెన్ను వంగకుండ పెట్టుట పెట్టుటలలో మేలైనది. నీ పొరుగింటి యిల్లాలు చేసినదియు అదియే. “రాత్రి ఏమైనది?” అని యడుగకుండుట, నాలుగు రొట్టెలకంటె పెద్ద యాతిథ్యము.

మూడవ గుఱుతు జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో. ఇది దొరలు చేసినది కాదు, అధికారులు చేసినది కాదు. 1983లో ఆరంభమైన డెక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థతో కూడి, పేద దళిత స్త్రీలు ఊరూర సంఘములుగా చేరిరి. 1990 తరువాతి సంవత్సరములలో వారొక పని తలపెట్టిరి. ఊరిలో బీడుపడిన భూములకు దున్నకమునకు, ఎరువునకు, విత్తనమునకు సాయము చేసి జొన్న వేయించిరి. రైతులు ఆ సాయమును పైకముగా కాక గింజలుగా తిరిగి చెల్లించిరి. ఆ గింజలను ఊరిలోనే నిలువ చేసిరి. ఏ యింట ఎంత కొఱతయో ఊరివారే కూర్చుండి నిర్ణయించి, పాతగింజలు తీఱిన వానకాలపు నెలలలో, అనగా నీకు తలుపు మూసికొన బుద్ధి పుట్టిన ఈ నెలలలోనే, మిక్కిలి పేదలైన యిండ్లకు చౌకగా ఇచ్చిరి. నాడు వట్టిగాదెలు కలిగినవారే నేడు ఊరి గాదెకు కాపలాదారులైరి. దామాజీ తెఱచినది రాజుగారి కొట్టు. వీరు తెఱచినది తమ చెమటతో నింపిన కొట్టు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి విభాగమువారు ఈక్వేటరు బహుమతి నిచ్చిరి. బహుమతికంటె పెద్ద సంగతి, ఆకలి నెఱిగిన చేతులు ఇంకొకరి ఆకలికి గింజలు దాచుట.

ఆ స్త్రీలు ఇంకొక సంగతియు లోకమునకు చెప్పిరి. చేలలో ఎవ్వరును విత్తక తమంత తాము మొలచు కూరలు, దొగ్గలి, గునుగు, తుమ్మి, చెంచలి, పొనగంటి మొదలైనవి, కలుపు కాదు, ఆహారమని. మందులు చల్లని జొన్నచేలలో తొలివానలకే అవి మొలచును. ధాన్యము తీఱిన నెలలలోనే అవి వచ్చుట చూడుడు! విత్తినవారు లేరు, నీరు పెట్టినవారు లేరు, వెల కట్టినవారు లేరు. కఱవునాటి విస్తరికి దైవము స్వయముగా వడ్డించు కూర యదియే యని నేననుకొందును. ద్రౌపది పాత్రకు అంటియున్నదియు కూరయాకే గదా!

ఇక, అమ్మా, నీ ప్రశ్నకు వత్తును.

దేవుడు నీ యింటి దారి మఱవలేదు. ఆనాడు తలుపు కొట్టినది ఆయనయే కావచ్చును. నీవు తీయలేదు. అందుచేత ఆయన అలిగి పోలేదు. పొరుగింటికి పోయి, అచ్చట తాను తిని, తెల్లవాఱగానే నీ పిల్లలకు రొట్టెలు పంపెను. నీవు మూసిన తలుపునకు ఆయన చెప్పిన సమాధానము ఆ గిన్నె. ఇంకను అన్నము పుట్టునా యని యడిగితివి. పుట్టినది; నీ గుమ్మముననే పుట్టినది; నీవు ముట్టక కూర్చుంటివి. నీ తప్పేదైన నున్నచో అది ఒక్కటియే. పెట్టలేకపోవుట తప్పు కాదు. పెట్టలేనని చెప్పలేకపోవుట నొప్పి. పెట్టినప్పుడు పుచ్చుకొనలేకపోవుట మాత్రము, అమ్మా, మనము అభిమానమని పేరుపెట్టి పెంచుకొను ముల్లు. ఇచ్చుటకు మనకు ఎందఱో పాఠములు చెప్పిరి. పుచ్చుకొనుట ఎవ్వరును నేర్పలేదు. సుఖదినములు మనలను అతిథులకు వడ్డించువారిగా చేయును. కష్టదినములు మనలను దైవము నింట అతిథులుగా కూర్చుండబెట్టును. అతిథి విస్తరి ముందు కూర్చుండి తిననని లేచిపోయిన, వడ్డించువారి మనస్సు నొవ్వదా?

కావున నీకు నాలుగు మాటలు చెప్పుదును. నా చెల్లెలికి చెప్పినట్లే చెప్పుచున్నాను.

మొదటిది. రేషనుకార్డు సంగతి సిగ్గుపడదగినది కాదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము ప్రకారము, ఇంటిలో 18 ఏండ్లు నిండిన స్త్రీలలో పెద్దామె పేరనే కార్డుండవలెను. ఆమెయే ఆ కుటుంబమునకు యజమానురాలు. నీ కాపురము వేఱైనది గనుక అత్తవారి కార్డునుండి మీ పేర్లు తీయించి, మీసేవ కేంద్రమున క్రొత్తకార్డునకు దరఖాస్తు పెట్టుము. తెలంగాణమున కార్డులోని ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యమిచ్చుచున్నారు. 2025 నుండి సన్నబియ్యమే యిచ్చుచున్నారు. ఇది దయ కాదు, చట్టము. పిల్లవాడు అంగన్‌వాడీ వయస్సువాడైన, అచ్చటి భోజనమునకు వెఱవక పంపుము. ప్రజలందఱు కూడి వేసిన విస్తరియైనను, అదియు దైవము విస్తరియే.

రెండవది. భర్తకు నిజము వ్రాయుము. పట్నమున కూలిచేయువాడు తన బిడ్డలు తినుచున్నారను నమ్మకముతో నిద్రించును. ఆ నమ్మకమును కాపాడుటకై నీవు ఒంటరిగా మోయు బరువు ఆతనికి తెలిసిననాడు, ఆతడు కోపించునని భయపడుదువు కాబోలు. ఆతడును అచ్చట నీకు చెప్పని బరువు మోయుచునే యుండును. రెండు మూటలును విప్పిన, సగమునకు సగము తేలికయగును.

మూడవది. ఆ పెద్దామె యొద్దకు పొమ్ము. ఊరికి పోయితిమని అబద్ధమాడకుము. “అత్తా, ఆ రాత్రి ఇంటిలోనే యుంటిని. పిండి రెండు దోసిళ్లే యుండెను. భయపడితిని” అని చెప్పుము. డెబ్బదేండ్లు ఆ మెట్టమీద బ్రతికిన స్త్రీకి ఆ మాటలకు అర్థము తెలియదా? ఆమెయు ఎన్నడో ఒకనాడు దీపమార్పియే యుండును. ఆమె కోపించినను కోపించనీ. ఆ కోపము ఒక్కపూటది. చెప్పని మాట ఏండ్లు నిలుచును.

నాల్గవది ఆ గిన్నె. పొరుగింటి గిన్నెను వట్టిది పంపరాదని మన పెద్దలు చెప్పుదురు. చిటికెడు ఉప్పైనను, పసుపైనను వేసి పంపుదురు. నీవా గిన్నెను ఇన్నిదినములు దాచుకొనుటకు అదియును ఒక కారణమని నేనూహింపగలను. అందు వేయుట కేమియు లేదని నీ బాధ. రేపుదయము కొంగు బిగించి చేనిలోనికి పొమ్ము. వానలు పడినవి, గట్లమీద దొగ్గలి, గునుగు మొలచియుండును. లేతయాకులు ఏరి, కడిగి, ఆ గిన్నె నిండ పెట్టి, మూత వేసి, పట్టపగలు వీధి నడుమ నడచి పోయి పొరుగింటి గడపమీద నుంచుము. ఆమె వలెనే నీవును ఎక్కువ మాటలాడకుము. “కూర వండుకొనుమక్కా” యని మాత్రమనుము.

ఆమె దానిని పుచ్చుకొనును. పిమ్మట నీ కొంగున మిగిలిన కూరను ఇంటికి తెచ్చి వండి, పిల్లలకు పెట్టి, వారితోపాటు నీవును కూర్చుండి తినుము. నీవు తినిన సంగతి మఱుసటి లేఖలో నాకు వ్రాయుము.

సోదరీమణులారా, ఈ మాసము మీ వీధిలో పగటివేళ తలుపు మూసియున్న యిల్లు ఒకటి యున్నదేమో చూడుడు. ఏమియు అడుగకుడు. మూతపెట్టిన గిన్నె ఒకటి ఆ గడపమీద నుంచి రండు.